మన బల్బులోకి వచ్చే కరెంటు యాడిదో కనుక్కోవడం ఎలా

మాది ఉరవకొండ. మేడ ఎక్కితే ఏ దిక్కు చూసినా గాలిమరలే. వజ్రకరూరు వైపు, బెళుగుప్ప వైపు, కొండమీద, చేలల్లో, అన్నిచోట్లా తెల్లటి రెక్కలు తిరుగుతుంటాయి. మా అత్తకు ఎనభై దాటాయి. బిల్లు వచ్చిన రోజల్లా ఒకటే మాట: "ఇన్ని ఫ్యాన్లు మన నెత్తిమీద తిరుగుతుంటే మళ్లా మనకు బిల్లెందుకే?" చాలాఏళ్లు నవ్వి ఊరుకున్నాను. మాకు పిండి గిర్ని ఉంది, పది హెచ్‌పీ మోటారు. కరెంటు లేకపోతే మాకు పూట గడవదు. అలాంటి దాన్ని, ఆమెకు జవాబు చెప్పలేకపోతున్నానే అని ఒకరోజు సిగ్గేసింది. సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటుగా చేసే మా మేనల్లుణ్ని పట్టుకుని అడగడం మొదలుపెట్టాను. వాడు కొంత చెప్పాడు, మిగతాది నేనే వెతుక్కున్నాను. ఆ వెతుకులాటనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీరూ చేసి చూడొచ్చు, పెద్ద చదువేమీ అక్కర్లేదు.

మొదట బిల్లు పైభాగం చూడండి. కర్నూలు, అనంతపురం, కడప, ఈ మూడు చోట్లా ఎవరి బిల్లు మీదైనా దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ అని ఉంటుంది. అందరూ ఎస్పీడీసీఎల్ అంటారు, ఆఫీసు తిరుపతిలో. కడపవాళ్లది మొదటినుంచీ ఇదే. అనంతపురం, కర్నూలు మాత్రం 2014లో రాష్ట్రం విడిపోయేదాకా హైదరాబాదు కేంద్రంగా ఉన్న సంస్థ కింద ఉండేవి, ఆ తర్వాతే తిరుపతి కిందికి వచ్చాయి. పాత ట్రంకుపెట్టెలో 2014కు ముందరి బిల్లు దొరికితే పేరు వేరుగా కనిపిస్తుంది, కంగారు పడకండి.

ఇక్కడే ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ సంస్థ కరెంటు తయారుచేసేది కాదు. కొని, తెచ్చి, మనకు పంచేది. 1999 దాకా తయారీ, రవాణా, పంపిణీ అన్నీ ఒక్క విద్యుత్ బోర్డే చూసుకునేది. ఆ ఏడాది దాన్ని విడగొట్టారు. తయారీ జెన్‌కోకు, పెద్ద లైన్లు ట్రాన్స్‌కోకు పోయాయి. మరుసటి ఏడాది పంపిణీని కూడా విడదీసి ఈ పంపిణీ సంస్థలను, అంటే డిస్కంలను, పెట్టారు. మా గిర్నిలాగే అనుకోండి. మేము జొన్న పండించం, ఎవరో పండించింది మా దగ్గరికి వస్తుంది.

గిర్ని మాట వచ్చింది కాబట్టి ఇంకో విషయం. ఒకరి సజ్జలు పట్టాక ఇంకొకరి రాగులు పోస్తే మొదటి గుప్పెడు పిండిలో సజ్జ రంగు కనిపిస్తుంది. రాయి మధ్యలో ఎప్పుడూ ఎవరిదో కాస్త మిగిలే ఉంటుంది. మా దగ్గరకు వచ్చేవాళ్లకు అది తెలుసు, అందుకే మొదటి గుప్పెడు పక్కకు తీయమంటారు. కరెంటులో అలా పక్కకు తీయడం కుదరదు. అన్ని స్టేషన్లదీ ఒకే తీగల్లో కలిసిపోతుంది, ఆ తీగల అల్లికనే గ్రిడ్డు అంటారు. 2013 డిసెంబరు 31న మన దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో కూడా కలిసింది. కాబట్టి "నా బల్బులోది కచ్చితంగా ఫలానా గాలిమరది" అని ఎవరూ చెప్పలేరు. మరి కనుక్కునేది ఏమిటంటే, ఈ పూట గ్రిడ్డులో ఎవరు ఎక్కువ పోస్తున్నారు, దానికి మన సంస్థ ఎంత కడుతోంది. ఈ రెండూ తెలుసుకోవచ్చు.

ఇక తీగ పట్టుకుని వెనక్కి నడవండి. పట్టుకుని అంటే చేత్తో కాదు, కంటితో. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలుపెడితే దాని మీదికి వచ్చేది 11 కేవీ లైను, కేవీ అంటే వెయ్యి వోల్టులు. ఆ లైను వెంబడి పోతే ఊరి సబ్‌స్టేషన్ వస్తుంది. అక్కడికి 33 కేవీ వస్తుంది. దాని వెనక 132, 220, ఇంకా వెనక 400. ఏ లైను ఎంతదో చెప్పడానికి మా వాడు ఒక చిట్కా నేర్పాడు. టవర్‌కు తీగ వేలాడే చోట పింగాణి పళ్లాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి కదా, వాటిని లెక్కపెట్టాలి. మూడు ఉంటే 33. తొమ్మిదో పదో ఉంటే 132. పదమూడు పద్నాలుగు ఉంటే 220. ఇరవై మూడు దాకా ఉంటే 400. బస్సు కిటికీలోంచి కూడా లెక్కపెట్టొచ్చు, కాకపోతే బస్సు ఆగాలి. గుత్తి దగ్గర రైల్వే గేటు పడినప్పుడు నేను ఇరవై రెండు దాకా లెక్కపెట్టాను, ఈలోగా గేటు తీసేశారు.

మా ఊరి దగ్గర 400 కేవీ సబ్‌స్టేషన్ ఉంది. మాకోసం కట్టింది కాదది. చుట్టుపక్కల గాలిమరల కరెంటును బయటికి తీసుకుపోవడానికి కట్టారు. అత్తకు ఇచ్చిన మొదటి జవాబు అదే: "మన నెత్తిమీద తిరిగేది ముందు ఆ పెద్ద తీగల్లోకి పోయి, ఊళ్లు తిరిగి, సన్న తీగలోంచి మళ్లీ మనకు వస్తాదమ్మా." ఆమె ఒప్పుకోలేదు. "మన పాలు డెయిరీకి పోసి ప్యాకెట్టు కొన్నట్టుంది" అంది. సరిగ్గా అలాగే ఉంది మరి. సబ్‌స్టేషన్ కంచె దాటి మాత్రం పోకండి, ఆపరేటరు పిలిచినా సరే. బయటినుంచి చూస్తే చాలు.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. కరెంటు యాడిదో తెలియాలంటే యాడ అని కాదు, ఎప్పుడు అని అడగాలి. నాకు ఇది అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. గడియారం, పంచాంగం పక్కన పెట్టుకుంటే సగం సంగతి ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు.

పొద్దున తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా సూర్యుడిదే రాజ్యం. మన సీమలో ఎంత సోలారు ఉందో కొందరికి ఇంకా తెలియదు. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ల మధ్య 1000 మెగావాట్ల పార్కు 2017లో పూర్తయింది. సుమారు ఆరు వేల ఎకరాలు. మా పాత అనంతపురం జిల్లాలోనే నంబులపూలకుంట, తాడిపత్రి దగ్గర తలారిచెరువు. కడప వైపు గాలివీడు, మైలవరం. రైతుల బోర్లకు పగటిపూట తొమ్మిది గంటలు ఇవ్వడం ఈ ఎండకు సరిపోతుంది. వ్యవసాయానికి ఉచిత కరెంటు 2004 నుంచి ఉంది. అప్పట్లో రాత్రిళ్లు వచ్చేది, మా మామ టార్చి పట్టుకుని చేనికి పోయేవాడు. పాముల భయం వేరే.

గాలిది వేరే లెక్క. ఏడాదంతా ఒకేలా ఉండదు. మిరుగు కార్తె దాటాక ఊపందుకుంటుంది, ఆషాఢంలో గాలి ఎలా ఉంటుందో సీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. వాకిట్లో ఆరేసిన చీర పక్కింట్లో దొరుకుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిమరలు రాత్రీ పగలూ తిరుగుతాయి. చలికాలంలో, ఎండాకాలం మొదట్లో చాలా రోజులు రెక్కలు నిలబడే ఉంటాయి. "చెడిపోయినాయేమో" అంటారు జనం. చెడిపోలేదు, గాలి లేదు అంతే. తూర్పారబట్టేవాళ్లు చేట ఎత్తి పట్టుకుని గాలికోసం ఎలా చూస్తారో అలాగే అవీ చూస్తుంటాయి. ఈ సంగతి మన జిల్లాకు కొత్త కాదు. రామగిరిలో బంగారు గనుల ఊరి కొండలమీద 1990లలోనే గాలిమరలు పెట్టారు.

సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకానే అందరికీ టెన్షన్. సూర్యుడు పోతాడు, ఇళ్లన్నీ ఒకేసారి లైట్లు, టీవీలు, ఏసీలు వేస్తాయి. అప్పుడు ఆదుకునేవి బొగ్గు, నీళ్లు. బొగ్గంటే మనకు కడప జిల్లా ఆర్టీపీపీ, అంటే రాయలసీమ థర్మల్ కేంద్రం. ఎర్రగుంట్ల, ముద్దనూరు మధ్య రైల్లో పోతుంటే చిమ్నీలు కనిపిస్తాయి. 210 మెగావాట్ల యంత్రాలు ఐదు, 600ది ఒకటి, మొత్తం 1650. మొదటిది 1994లో వచ్చింది. బొగ్గు మాత్రం ఇక్కడ లేదు, సింగరేణి నుంచో ఒడిశా నుంచో రావాలి. ఒక లెక్క వేసి చూడండి. ఒక మెగావాట్ అంటే గంటకు వెయ్యి యూనిట్ల కరెంటు. 210 మెగావాట్ల యంత్రం ఒక రోజంతా నిండుగా నడిస్తే 50 లక్షల యూనిట్ల కరెంటు. యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు చొప్పున రోజుకు 3,500 టన్నులు. అంటే రమారమి ఒక నిండు గూడ్సు రైలు. ఆరింటిలో ఒక్కదానికి, ఒక్క రోజుకు. రైల్వే గేటు దగ్గర బొగ్గు బండి పోయేదాకా విసుక్కునే అలవాటు నాకు ఈ లెక్క వేశాక తగ్గింది.

ఇది కాక కృష్ణపట్నం, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాలు ఉన్నాయి. కేంద్రం వాటాగా సింహాద్రి, రామగుండం, తాల్చేరు, ఇంకా కైగా, కల్పాక్కం అణు కేంద్రాల నుంచి కొంత వస్తుంది. వీటిని నేను వేళ్లమీద లెక్కపెట్టి వదిలేస్తాను.

నీళ్ల దగ్గర మాత్రం ఆగాలి. శ్రీశైలం కుడిగట్టున మన రాష్ట్రానికి ఏడు యంత్రాలు, 770 మెగావాట్లు. ఎడమగట్టున భూగర్భంలో తెలంగాణకు 900. నీళ్ల కరెంటు చవక, మీట నొక్కిన కొద్ది నిమిషాల్లో వస్తుంది, సాయంత్రం ఒత్తిడికి దాన్ని మించింది లేదు. కానీ అక్కడ తిప్పిన నీళ్లు కిందికి, సాగర్‌కు పోతాయి. మన పోతిరెడ్డిపాడు కాలువకు నీళ్లు సరిగ్గా అందాలంటే డ్యాంలో 854 అడుగులైనా ఉండాలి. అందుకే పేపర్లో "శ్రీశైలంలో జోరుగా విద్యుదుత్పత్తి" అని చదివితే ఒక పక్క బిల్లు తగ్గుతుందేమో అనిపిస్తుంది, ఇంకో పక్క బనకచర్ల వైపు రైతు ముఖం గుర్తొస్తుంది. గేట్లెత్తిన నెలలో ఆ బాధ ఉండదు, మిగతా నెలల్లో ఉంటుంది. మాకు దగ్గర్లో పెన్నఅహోబిలం దగ్గర కూడా 20 మెగావాట్ల చిన్న పవర్‌హౌస్ ఉంది. నరసింహస్వామి దర్శనానికి పోయినప్పుడు కాలువలో నీళ్లున్నాయో లేదో చూసి వస్తాను. నీళ్లు లేకపోతే అదీ లేదు.

పగటి ఎండను సాయంత్రానికి దాచే పని కూడా మన దగ్గరే పెట్టారు. పాత కర్నూలు జిల్లా పిన్నాపురం దగ్గర 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టారు. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదిలి మళ్లీ కరెంటు తీస్తారు. పిండి ముందే పట్టి డబ్బాలో పోసుకున్నట్టు.

ఊహించింది సరో కాదో చూసుకోవాలంటే బెంగుళూరులోని దక్షిణ ప్రాంత లోడ్ డిస్పాచ్ సెంటర్ రోజూ ఇచ్చే నివేదిక తెరవండి. ఆంధ్రప్రదేశ్ వరుసలో థర్మల్ ఎంత, జల ఎంత, గాలి ఎంత, సోలారు ఎంత, నిన్నటి లెక్క ఉంటుంది. అంకెలు మిలియన్ యూనిట్లలో ఉంటాయి, ఒక మిలియన్ అంటే పది లక్షలు. నేను వారానికోసారి చూసి క్యాలెండర్ మీద గాలి అంకె రాసుకునేదాన్ని. జులైలో అది ఎక్కడికి పోయిందో, డిసెంబరులో ఎక్కడికి దిగిందో చూస్తే గాలిమరల మీద నమ్మకం, అనుమానం రెండూ సరైన పాళ్లలో ఉంటాయి.

ఇక డబ్బు సంగతి. దానికి ఒక పుస్తకం ఉంది. ఏటా నవంబరు చివరికి డిస్కంలు, కరెంటు ధరలు తేల్చే విద్యుత్ నియంత్రణ మండలికి వచ్చే ఏడాది లెక్క ఇస్తాయి. దాన్ని ఏఆర్ఆర్ అంటారు. డిస్కం వెబ్‌సైట్‌లో ఉంటుంది, సర్కిల్ ఆఫీసులో కూడా అడిగి చూడొచ్చు. వందల పేజీలు చూసి బెదరకండి. విద్యుత్ కొనుగోలు పట్టిక ఒక్కటి తెరవండి. స్టేషన్ పేరు, ఎన్ని యూనిట్లు, స్థిర ఖర్చు, యూనిట్‌కు చర ఖర్చు. స్థిర ఖర్చంటే మా గది బాడుగలాంటిది, గిర్ని తిరిగినా తిరగకపోయినా కట్టాల్సిందే. చర ఖర్చు బొగ్గుది. ఎవరి చర ఖర్చు తక్కువో వాళ్లను ముందు నడుపుతారు. అందుకే ఒక్కోసారి పెద్ద స్టేషన్ ఊరికే కూర్చుంటుంది, దాని బాడుగ మాత్రం మన బిల్లులోకి వస్తుంది. గాలి, సోలారు ఈ వరుసలో నిలబడవు. వచ్చినంతా తీసుకోవాలి, ఒప్పందంలో రాసిన ధర ఇవ్వాలి.

ఆ ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. పాత గాలి ఒప్పందాల్లో యూనిట్ 4.84 రూపాయలు, అదీ 25 ఏళ్లకు. గని పార్కులో 2015 నవంబరు వేలంలో సోలారు 4.63. అప్పటికి దేశంలో అదే తక్కువ ధర అని పేపర్లలో వచ్చింది. ఏడాదిన్నరకు, 2017 ఏప్రిల్‌లో, కడప పార్కు వేలంలో 3.15. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ సోలారు సంస్థ సెకితో చేసుకున్న 7000 మెగావాట్ల ఒప్పందంలో 2.49, ఆ ఎండ మాత్రం రాజస్థాన్‌ది. ఎండ అదే ఎండ. సంతకం పెట్టిన సంవత్సరాన్ని బట్టి ధర. మన జిల్లాల్లో ఇంత బంజరు, ఇంత ఎండ ఉండగా రాజస్థాన్ నుంచి తెచ్చుకోవడం ఏమిటని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. తెచ్చుకునే తీగల ఖర్చు కూడా కలిపి చూడాలి కదా.

బిల్లులో ఇదంతా ఎక్కడ కనిపిస్తుందంటే, రెండు చోట్ల. ఒకటి శ్లాబులు. 2022-23 ఉత్తర్వు ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. 200 యూనిట్లు కాలిస్తే 867 రూపాయలు, 240 కాలిస్తే 1148. ఆ చివరి నలభై యూనిట్లకే 281 పడింది. అందుకే మొత్తం తగ్గించుకోలేకపోయినా ఆ చివరి నలభై మీద కన్నేయండి. రెండోది ఎఫ్‌పీపీసీఏ అనే వరుస. బొగ్గు, కొనుగోలు ఖర్చు పెరిగితే రెండు నెలల తర్వాత యూనిట్‌కు 40 పైసల దాకా దానంతటదే బిల్లులోకి వస్తుంది. ఏప్రిల్ వేడి జూన్ బిల్లులో కాలుతుందన్నమాట.

ఇంటిమీద సోలారు పెట్టుకునే ఆలోచన ఉంటే ఒక్క మాట. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, మూడుకు మొత్తం 78 వేలు సబ్సిడీ. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు వేసుకోండి. నెలకు వంద యూనిట్లు దాటనివాళ్లు తొందరపడక్కర్లేదని నా అభిప్రాయం.

గిర్ని దగ్గర నేను చేసుకున్న మార్పు ఒకటే. ఇదివరకు జనం చేను పని అయ్యాక సాయంత్రం ఏడింటికి గింజలు తెచ్చేవాళ్లు, మోటారు రాత్రి తొమ్మిది దాకా తిరిగేది. ఇప్పుడు పొద్దున సంచి పెట్టి పోతే సాయంత్రం పిండి తీసుకుపోతారు. మోటారు పదకొండు నుంచి మూడు మధ్యే తిరుగుతుంది. వోల్టేజీ కూడా అప్పుడే బాగుంటుంది. దీనివల్ల నా బిల్లు పైసా తగ్గలేదు. ఎందుకు తగ్గకూడదు అని అడగడానికే కర్నూలు పోయాను.

నియంత్రణ మండలి ఆఫీసు 2023లో హైదరాబాదు నుంచి కర్నూలుకు వచ్చింది, దిన్నెదేవరపాడు దగ్గర. డిస్కంల లెక్క వచ్చాక పేపర్లలో ప్రకటన వేస్తారు. అభ్యంతరాలకు గడువు, విచారణ తేదీలు, ఎక్కడినుంచి మాట్లాడొచ్చో అన్నీ అందులోనే ఉంటాయి. ఆ ప్రకటన కత్తిరించి దాచండి. అభ్యంతరం ఒక ప్రతి డిస్కంకు, ఒక ప్రతి మండలికి పంపాలి, పంపినట్టు రుజువు ఉంచుకోవాలి. విచారణలో స్వయంగా మాట్లాడతామని కాగితంలోనే రాయాలి. తెలుగులో రాయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు, లాయరు అక్కర్లేదు. డిస్కం దానికి రాతపూర్వకంగా జవాబివ్వాలి. కొత్త ధరలు ఏప్రిల్ 1 నుంచి కాబట్టి ఆలోపు ఉత్తర్వు వస్తుంది. అందులో అభ్యంతరాలు, జవాబులు అచ్చవుతాయి.

నా ముందు మాట్లాడినాయన ఇరవై నిమిషాలు దేశం గురించి మాట్లాడాడు. నేను నాలుగు నిమిషాల్లో ముగించాను. నా కాగితం నమూనా ఇదిగో, మీ వివరాలు మార్చి వాడుకోండి:

"అయ్యా, నేను పది హెచ్‌పీ మోటారుతో పిండి గిర్ని నడుపుతున్నాను. డిస్కం కొనుగోలు పట్టిక ప్రకారం పగటిపూట సోలారు విద్యుత్తు ఎక్కువగా, సాయంత్రంకన్నా చవకగా వస్తోంది. కేంద్రం 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల్లో సోలారు గంటలకు మామూలు ధరకన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలని ఉంది. మాలాంటి చిన్న మోటార్లకు గంటలవారీ మీటరు పెట్టి ఆ ధర ఎప్పటినుంచి ఇస్తారో తేదీతో చెప్పవలసిందిగా కోరుతున్నాను. విచారణలో స్వయంగా మాట్లాడతాను."

కింద పేరు, పూర్తి చిరునామా, ఫోను, సర్వీసు నంబరు, సంతకం.